గూడ్సుబండి జోలపాట

మొన్న తిరుపతిలో మా ఆఫీసు మిత్రుడి చెల్లెలి పెళ్ళికి వెళ్ళాను. బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దాయనకు వేడినీళ్ళు కావాలి. వడ్డించేవాళ్ళలో ఒక్కరూ మా మొర ఆలకించకపోవడంతో నేనే లేచి కల్యాణమండపం వెనక వంటశాలలోకి దూరాను. అక్కడ తలకు తెల్లటోపీ పెట్టుకున్న ఒకమ్మాయి గుండిగలోంచి గరిటెతో రసం తీసి, చుక్క మణికట్టు మీద వేసుకుని, నాలుకకు తగిలించి, ఎడమ కన్ను గట్టిగా మూసింది.

“ఉప్పు తక్కువ,” అన్నాను గుమ్మంలోంచి.

ఆ అమ్మాయి ఉలిక్కిపడి తిరిగింది. మూసిన కన్ను తెరవడం కూడా మరిచిపోయి, “మీరు ఏ బ్యాచి అన్నా?” అంది.

ఇద్దరం పడీ పడీ నవ్వాం. వంట మాస్టరు, ఇదేదో తన రసం మీద పరాచికమనుకుని గరిటె పట్టుకుని దగ్గరికి వచ్చాడు. నేను మళ్ళీ బంతికి చేరేసరికి పెద్దాయన చన్నీళ్ళే తాగి, మజ్జిగన్నం ముగించి, నన్ను ఎగాదిగా చూశాడు. ఆయనకేమని చెప్పను? మా టీచరు గుర్తొచ్చింది తాతా అంటే ఒప్పుకుంటాడా?

మా టీచరు రుచి చూసే పద్ధతి అది. ఎడమ కన్ను మూస్తే ఉప్పు తక్కువ. కుడి కన్ను మూస్తే ఎక్కువ. రెండూ మూస్తే బాగుందని. రెండూ మూసి ఎంతసేపటికీ తెరవకపోతే మాత్రం బ్రహ్మాండంగా కుదిరిందో, జరగరానిది ఏదైనా జరిగిందో కాసేపు ఆగితే గాని తెలిసేది కాదు. క్లాసంతా ఊపిరి బిగబట్టి ఆ రెప్పల వైపే చూసేవాళ్ళం. పదో తరగతి రిజల్టు రోజున కూడా నేను అంత ఉత్కంఠ పడలేదు.

మాది నగరి దగ్గర కరెంటు మగ్గాల ఊరు. ఊళ్ళో హైస్కూలుకు ఒకేషనల్ క్లాసు ఒకటి వచ్చింది. బట్టల డిజైను, పసిపిల్లల పెంపకం, వంట, మూడూ కలిపి. మూడింటికీ ముగ్గురు టీచర్లు రావాలన్నారు. వచ్చింది ఒక్కావిడ. గూడూరు నుంచి, కాంట్రాక్టు మీద. పొట్టిగా, గుండ్రంగా, మెడలో కొలతల టేపు వేసుకుని, స్కూలు గేటు దగ్గర్నుంచి క్లాసుగది దాకా దాదాపు పరుగు లాంటి నడకతో వచ్చింది. “మిగతా ఇద్దరు ఎప్పుడొస్తారు టీచర్?” అని మాలో ఎవరో అడిగితే, తన వెనక్కి ఒకసారి తిరిగి చూసుకుని, “వచ్చేసినారు నాయనా, ముగ్గురం ఒకే చీర కట్టుకున్నాం,” అంది.

నేను ఆ క్లాసులో చేరింది పిల్లల పెంపకం మీద మమకారంతో కాదు. చేరే రోజు ఆ గదిలోంచి నెయ్యి వాసన వచ్చింది, అంతే. మా నాయన మగ్గం ఆపి మరీ అడిగాడు. “మగపిల్లోడివి, గరిటె పట్టుకునేదానికి బడికి పోవల్లనా?” మా అమ్మ లోపల్నుంచి, “పోనీయబ్బా, ఈ ఇంట్లో మగోడొకడన్నా పట్టుకోనీ,” అంది. మా నాయన మళ్ళీ మగ్గం వేసుకున్నాడు. నా చదువు విషయంలో మా ఇంట్లో జరిగిన చర్చ అంతే.

ఆవిడ టేపు విషయం చెప్పాలి. కళ్ళ ముందుకు ఏదొస్తే దాన్ని కొలిచేది. కిటికీని కొలిచేది, దోసెను కొలిచేది, హెడ్మాస్టరు గారి కుర్చీని ఆయన లేనప్పుడు కొలిచి, “అందుకే ఆయనకు నడుంనొప్పి,” అనేది. ఎవరైనా అలిగి కూర్చుంటే వాళ్ళ మూతి దగ్గర టేపు పెట్టి, “ఏందిమే, నిన్నటికన్నా పొడుగయిండాదే, ఎవురేమన్నారు?” అని అడిగేది. ఇక అలక ఎక్కడ నిలుస్తుంది!

ఒక పని చేస్తూ ఇంకో పని చేయకపోవడం ఆవిడ దృష్టిలో పాపం. పప్పు ఉడుకుతుంటే కాజాలు కుట్టాలి, కాజాలు కుడుతూ పసిబిడ్డకు ఏ నెలలో ఏం తినిపించాలో వల్లెవేయాలి. “ఒక చేతికే పనిచ్చినామంటే రెండోది సోంబేరి అయిపోతాది,” అనేది. సోమరిని సోంబేరి అనే తమిళం మాట మా ఊరికొచ్చాకే నేర్చుకుంది, నేర్చుకున్న రోజు నుంచీ అందరి మీదా వాడేసింది. నాకు ఇప్పటికీ కందిపప్పు ఉడికే వాసన వస్తే కాజా కుట్టే వేళ్ళు వాటంతటవే కదులుతాయి. నేను చిత్తూరులో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాను, అక్కడ ఈ విద్యకు గిరాకీ లేదు.

సోమవారం సోమవారం గూడూరు నుంచి సంచెడు నిమ్మకాయలు మోసుకొచ్చేది. అవి అయిపోయేదాకా మా వంటలన్నిట్లో నిమ్మకాయే. పులిహోరలో సరే, చారులో సరే. ఒకసారి సేమియా పాయసం దగ్గర నిమ్మకాయ కోయబోతుంటే రేవతి అడ్డం పడింది. రేవతి మా క్లాసులో అందరికంటే బాగా కుట్టే పిల్ల, నోరు కూడా సూది లాంటిదే. “టీచర్, పాయసంలోగూడానా! పాలిరిగిపోతాయి!” ఆవిడ కత్తి ఆపి ఆలోచించింది. “ఇరిగితే ఏమి, పనీర్ అంటారు ఆ పెద్ద హోటళ్ళల్లో,” అంది. ఆ రోజు మేము సేమియా పనీర్ తిన్నాం. ఆవిడ రెండు కళ్ళూ మూసింది, చాలాసేపు తెరవలేదు.

తప్పు చేస్తే తిట్టడం ఆవిడకు చేతకాదు. పసిబిడ్డకు జుబ్బా కుట్టమంటే నేను మెడ కత్తిరించడం మరిచిపోయి, నాలుగు వైపులా కుట్టేసి పట్టుకెళ్ళాను. క్లాసంతా బెంచీల కింద పడి నవ్వుతోంది. ఆవిడ మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి, చేతికి తొడుక్కుని, పొయ్యి మీది వేడి పెనం దించి, “శానా బాగుండాది, మసిగుడ్డ కరువుగా ఉండె మనకు,” అంది. నేను రెండేళ్ళు చదివి కుట్టినవాటిలో రోజూ వాడకంలో ఉన్న వస్త్రం అదొక్కటే.

పిల్లల పెంపకం నేర్పడానికి పైనుంచి ఒక ప్లాస్టిక్ బొమ్మను పంపారు. మొదటి రోజే స్నానం చేయిస్తుంటే దాని తల ఊడి బకెట్లో పడింది. ఆడపిల్లలు కెవ్వుమన్నారు. ఆవిడ ఆ తలను నీళ్ళలోంచి తీసి, తుడిచి, బల్లమీద పెట్టి, “మొదటి పాఠం. బిడ్డకు ఏమైనా సరే మనం గాబరా పడగూడదు,” అంది. కానీ రెండో రోజుకే ఆవిడకు బొమ్మ మీద విసుగొచ్చింది. “ఇది ఏడవదు, ఉమ్మదు, జుట్టు పీకదు. దీన్ని పెంచేదానికి చదువెందుకు?”

అప్పుడు మొదలైంది మా ఊళ్ళో బిడ్డల ఎరువు. స్కూలు వెనక గోడ దాటితే మగ్గాల వీధే. టీచరు టేపు ఊపుకుంటూ ఆ వీధిలోకి వెళ్ళి, “బుధవారం పూట ఒక పసిబిడ్డను ఎరువియ్యండమ్మా, తలంటి పోసి, రాగిజావ తాపించి, నిద్రపుచ్చి తిరిగి ఇచ్చేస్తాం,” అని ఇంటింటా అడిగింది. మొదట ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకామె ధైర్యం చేసి ఇచ్చింది. ఆ పూట బిడ్డ గోల లేకుండా ఆమె మగ్గం సాగిన తీరు వీధంతా చూసింది. తర్వాతి బుధవారానికి మా క్లాసు ముందు చంకల్లో బిడ్డలతో తల్లులు బారులు తీరారు. “పోయిన వారం వాళ్ళ బిడ్డనే తీసుకుంటిరి, మా వానికేం తక్కువ?” అని తగువులు. హెడ్మాస్టరు వరండాలో నిలబడి, “ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు టీచరమ్మా, ఎరువు బిడ్డలు గూడానా!” అని తల పట్టుకున్నారు.

బిడ్డల్ని నిద్రపుచ్చడమే ఆవిడకు అన్నిటికన్నా గొప్ప. చీర ఉయ్యాల కట్టి, పాట ఎత్తుకునేది. పాట కూడా తన సొంతమే.

“గూడ్సుబండి వచ్చె జో జో, గూడూర్లో ఆగె జో జో, బొగ్గంతా దించె జో జో, నిమ్మకాయలెక్కె జో జో...”

అక్కడి నుంచి ఒక్కో పెట్టెకూ ఒక్కో సరుకు ఎక్కుతూనే ఉంటుంది. ఆ గొంతు రైలు బ్రేకు వేసినట్టుండేది. మేము పెదాలు కొరుక్కుని నవ్వాపుకునేవాళ్ళం. కానీ ఏం మాయో, నాలుగో పెట్టెలో చింతపండు ఎక్కేలోపు ఎంతటి గడుగ్గాయి బిడ్డయినా నిద్రలోకి జారిపోయేది. ఒక్కరంటే ఒక్కరు మొండికేసినవాళ్ళు లేరు. ఆవిడ మెల్లగా ఉయ్యాల వదిలి, మావైపు తిరిగి, గెలిచిన మనిషిలా టేపు సర్దుకునేది. “నా పాటకు పడుకోని బిడ్డ ఇంకా పుట్టలేదు,” అని స్టాఫ్ రూములో కూడా చెప్పుకుంది. అంతటి పాట మరి.

ఇలా మా సంబరాల్లో మేముండగా హెడ్మాస్టరు గది ముందు కంప్యూటర్ల పెట్టెలు వచ్చి దిగాయి. వాటికి ఒక మంచి గది కావాలి. గాలీ వెలుతురూ ఉన్న గది స్కూలంతటికీ మాదొక్కటే. హెడ్మాస్టరు మా ఊరివారే, లెక్కలు చెప్పేవారు, మంచివారు కూడా. కానీ ఆయన లెక్క ఆయనది. “వంటా కుట్టూ బిడ్డల్ని సాకేదీ ఇంట్లో అమ్మ నేర్పిస్తాది. కంప్యూటరు ఏ అమ్మ నేర్పిస్తాది?” అన్నారు. “అమ్మలకు నేర్పించేదానికి టైము యాడుండాది సార్, మగ్గం దిగితే గదా!” అంది ఆవిడ. ఆయన గది ఉంచుతానని మాత్రం అనలేదు. ప్రాక్టికల్ పరీక్షకు చిత్తూరు నుంచి ఆఫీసరమ్మ వస్తుంది, ఆమెకు నచ్చకపోతే గది కంప్యూటర్లకు పోతుంది, గదితో పాటు క్లాసూ పోతుంది, టీచరు గూడూరు పోతుంది. ఆ మాట విన్న రోజు మా అందరి మూతులూ పొడుగయ్యాయి. ఆవిడ టేపు తీయలేదు. ఆవిడ లేని స్కూలు నాకు ఊహకు కూడా అందలేదు, ఆవిడంటే నాకు అంత ఇష్టం.

పరీక్ష రోజు ఆవిడ ఎరువు తెచ్చిన బిడ్డ పేరు వినాయకం. కాణిపాకం మొక్కుతో పుట్టినవాడు, పేరుకు తగ్గ బొజ్జ ఉన్నవాడు, మా క్లాసుకు బాగా అలవాటైనవాడు. నిద్రపుచ్చడానికి అంతకన్నా సులువైన బిడ్డ వీధిలోనే లేడు. లైను పని ఉందని ఆ పొద్దున కరెంటు తీసేశారు. మాకది లోటనిపించలేదు. వంట గ్యాసు మీద, కుట్టుమిషను కాలితో తొక్కేది, పాటకు కరెంటుతో పనేముంది? గది మాత్రం ఎందుకో కొత్తగా, వేరే ఊరి గదిలా అనిపించింది. భయం వల్లనే అనుకున్నాం.

ఆఫీసరమ్మ నూలు చీర, సన్న కళ్ళద్దాలు, నవ్వని ముఖం. ముందు నిమ్మకాయ పులిహోర పెట్టాం. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకోగానే క్లాసంతా ముందుకు వంగి ఆమె కళ్ళలోకి చూడసాగింది. ఆమె రెండు కళ్ళూ తెరిచే ఉంచింది. దానికి అర్థమేమిటో మాకెవరికీ తెలియదు. “ఏమిటి అలా చూస్తున్నారు?” అని ఆమె కంగారుగా మూతి తుడుచుకుంది.

తర్వాత కుట్టు. రేవతి మిషను ముందు కూర్చుని జుబ్బాకు గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టింది. అదే సమయంలో బిడ్డను నిద్రపుచ్చడం. టీచరు ఉయ్యాల పట్టుకుని, గొంతు సవరించుకుని గూడ్సుబండిని కదిలించింది. బండి గూడూరులో ఆగింది. బొగ్గు దిగింది. నిమ్మకాయలు ఎక్కాయి. చింతపండు కూడా ఎక్కింది. వినాయకం కళ్ళు ఇంతింత చేసుకుని ఆవిడ నోట్లోకి చూశాడు. బహుశా ఆ పాటను వాడు అంత స్పష్టంగా వినడం అదే మొదటిసారి. పెదవి విరిచాడు. ఆ తర్వాత వాడు ఎత్తుకున్న రాగానికి కిటికీ మీది కాకులు లేచిపోయాయి.

ఆవిడ గొంతు పెంచింది. వాడూ పెంచాడు. బెల్లం, బియ్యం, సిమెంటు, ఏ సరుకు ఎక్కించినా లాభం లేదు. ఆఫీసరమ్మ చేతిలో కలం తెరిచి పట్టుకుని చూస్తోంది. గుమ్మంలో హెడ్మాస్టరు నిలబడి ఉన్నారు. టీచరు నుదుటి మీద చెమట చూసి నాకు ఏడుపొచ్చింది. బిడ్డకు ఏమైనా సరే గాబరా పడగూడదన్న మనిషి గాబరా పడుతోంది.

అప్పుడు రేవతి మిషను తొక్కింది. వినాయకం టక్కున ఆగాడు. రేవతి ఏమైందోనని ఆగి చూసింది. వాడు మళ్ళీ అందుకున్నాడు. ఇంకోసారి తొక్కింది, వాడు ఆగాడు. రేవతి మిషను మీది నుంచి ఎగిరి లేచింది.

“టీచర్, వానికి పాట గాదు, మగ్గం గావాల! ఈ పొద్దు మగ్గాలు ఆడ్డంలే!”

అప్పుడు తెలిసింది గది ఎందుకు వేరే ఊరి గదిలా ఉందో. గోడవతల వీధి మొత్తం నిశ్శబ్దంగా ఉంది. మేమంతా ఆ చప్పుడులోనే పుట్టాం కనుక అదొకటుందని మాకు తెలియదు. గూడూరు నుంచి వచ్చిన ఆవిడ, బిడ్డలు తన పాటకే పడుకుంటున్నారనుకుంది. పాపం, అందులో ఆవిడ తప్పేముంది?

ఒక్క మిషను వీధి చప్పుడుకు సాటి రాదని నేను ముందుగా బెంచీ మీద రెండు చేతులతో బాదాను. మిగతావాళ్ళు అందుకున్నారు. గరిటెలు, స్కేళ్ళు, పళ్ళేలు, ఎవరికి దొరికింది వాళ్ళు. తలా ఒక దారిన బాదుతున్నాం. వినాయకం ఏడుపు ఆపలేదు, ఆఫీసరమ్మ చెవులు మూసుకుంది.

“ఆపండ్రా! ఏం కొట్టుడది, నెత్తీ తోకా లేకుండా!” గుమ్మంలోంచి కేక. హెడ్మాస్టరు గబగబా లోపలికి వచ్చారు. అయిపోయింది మన పని అనుకున్నాం. ఆయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, చొక్కా చేతులు మడిచి, నన్ను జరగమని నా బెంచీ ముందు నిలబడ్డారు. “దారం దీసుకోని నాడె అటుబోయే దెబ్బొకటి, ఇటొచ్చే దెబ్బొకటి. రెండిటికీ నడాన గాలి పీల్చుకునేంత సందుండల్ల. మగ్గాల ఇండ్లల్లో పుట్టి ఇదిగూడా తెలీదారా మీకు? మా నాయన ఇనుంటే మిమ్మల్ని తన్నుండును! సూడండి!”

కొట్టారు. లెక్కల మాస్టరు కొట్టే దెబ్బ కాదది. టకా ధన్, టకా ధన్. ఆయన వెనక మేము. గది మొత్తం ఒక పెద్ద మగ్గమైపోయి ఊగింది. ఆయన కళ్ళు సగం మూసుకుపోయాయి, పెదాల మీద ఎన్నడూ చూడని నవ్వు. రెండో వరస నుంచి ఎవరో కిసుక్కుమన్నా ఆయన పట్టించుకోలేదు. ఉయ్యాల్లో వినాయకం ఒకసారి ఆవులించి, బొటనవేలు నోట్లో పెట్టుకుని, హాయిగా కళ్ళు మూశాడు.

ఆఫీసరమ్మ నవ్వింది. మొదట దాచుకోవాలని చూసి, తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మరీ నవ్వింది. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. గోడవతల ఒక మగ్గం దగ్గింది, దాని పక్కది అందుకుంది, చూస్తుండగానే వీధంతా హోరెత్తింది. మేము చేతులు ఆపేశాం. హెడ్మాస్టరు ఎర్రబడ్డ అరచేతుల్ని చూసుకుంటూ, తాను ఎక్కడున్నదీ గుర్తుచేసుకుంటున్నట్టు నిలబడ్డారు.

ఆఫీసరమ్మ ఆ చప్పుడులో గట్టిగా అరిచింది. “క్లాసు నడుస్తోందని రాస్తున్నాను! గది సంగతి మీరే చెప్పాలి హెడ్మాస్టర్ గారూ, మీకు కంప్యూటర్లకు కావాలన్నారు కదా!”

ఆయన గొంతు మా అందరికీ వినపడింది. “స్టోరు రూము ఖాళీ చేయిస్తాను మేడమ్! ఈ గది ఈడ్నే ఉండనీ! కంప్యూటర్ల మీద ఇట్ల కొట్టనీయరు గదా!”

మా కేకలకు పెంకులు లేచిపోవాల్సింది. టీచరు మాత్రం మావైపు వీపు పెట్టి ఉయ్యాల మీదికి వంగి ఉంది. ఇంతసేపూ ఆవిడ సంగతే మరిచిపోయాం. ఆ పాట ఎవరినీ నిద్రపుచ్చలేదని తెలిశాక ఆవిడ మనసెంత చిన్నబుచ్చుకుందోనని పరిగెత్తి దగ్గరికెళ్ళి చూస్తే, ఆవిడ ఉయ్యాల ఊపుతూ, కళ్ళు అరమూసుకుని, పెదాలు కదిలిస్తోంది. ఆ హోరులో ఒక్క ముక్క వినపడలేదు. గూడ్సుబండి నడుస్తూనే ఉంది.

“టీచర్! గది మనదే! సార్ ఒప్పుకున్నాడు! మీరు ఈడ్నే ఉంటారు!” అని అరిచాం అందరం ఆవిడ చుట్టూ మూగి.

గోడకవతల వీధి వీధంతా ధనధనలాడుతోంది, కిటికీ రెక్కలు అదురుతున్నాయి. ఆవిడ మా వైపు కోపంగా తిరిగి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

“ష్... మెల్లిగా. బిడ్డ లేస్తాడు.”